బదరీవృక్షము క్రింద: చదువుకొను బిడ్డల దిగులును గూర్చి

ధ్యానభాగము: 1 రాజులు 19వ అధ్యాయము



కర్మెలు పర్వతముమీద నాలుగువందల ఏబదిమంది బయలు ప్రవక్తల యెదుట ఒంటరిగా నిలిచి బెదరని ఏలీయా, ఆ వెంటనే యెజెబెలు రాణి పంపిన ఒక్క కబురు విని ప్రాణభీతితో పారిపోయెను. బెయేర్షెబాకు చేరి, తన దాసుని అక్కడనే విడిచి, తానొక్కడే ఒక దినప్రయాణమంత దూరము అరణ్యములోనికి పోయి, బదరీవృక్షము క్రింద కూలబడెను. ఇక చాలుననియు, తన ప్రాణము తీసికొమ్మనియు దేవుని వేడుకొనెను. ఆకాశమునుండి అగ్నిని రప్పించిన ప్రార్థనాపరుడే ఈ మాట పలికెను. మన యింటిబిడ్డ నోట ఇట్టి మాట వచ్చినప్పుడు మాత్రము, విశ్వాసుల బిడ్డ ఇట్లు మాటలాడవచ్చునా అని మనము తెల్లబోవుచున్నాము.

ఆ దినమున దేవుడు ఏలీయాకు ఏమి చేసెనో నెమ్మదిగా చదువుడి. గద్దింపలేదు. నిన్నటి జయమును జ్ఞాపకము చేసి సిగ్గుపరచలేదు. నిద్రపోనిచ్చెను. దూతను పంపి, తట్టి లేపించి, తినుమనెను. తలయొద్ద వేడి అప్పమున్నది, నీళ్లున్నవి. తిని, త్రాగి, అతడు మరల పడుకొనెను. అందుకును ఎవరు కోపపడలేదు. దూత రెండవమారు వచ్చి మరల తినుమని చెప్పెను. ముందున్న ప్రయాణము అతని శక్తికి మించినదను సంగతి ఆ దూతకు తెలియును. ఇక్కడ నీకేమి పని యను ప్రశ్న ఎప్పుడు వచ్చెను? నలువది దినములు నడచి హోరేబు గుహలో చేరిన పిమ్మట వచ్చెను. ముందు శరీరమునకు కావలసినది, తరువాత హృదయములోనిది బయటికి వచ్చుటకు తావు. రెండును దేవుడే యిచ్చెను. ఒకటి యిచ్చి రెండవది మానలేదు.

ఈ వరుసను మనసునందుంచుకొని, ఈ నెల నేను వ్రాయు సంగతిని వినుడి.

మన పాస్టరేటులోని పల్లెలలో విశ్వవిద్యాలయమునకు బిడ్డను పంపని వీధి నేడు లేదు. హైదరాబాదునకు, విశాఖపట్నమునకు, గుంటూరునకు, తిరుపతికి పోయినవారున్నారు. సముద్రము దాటి అమెరికాకు పోయినవారును ఉన్నారు. ఈ మధ్య మూడు నాలుగు ఇండ్లలో నేను ఒకే మాట వింటిని. బిడ్డ తినుట లేదు, ఎవరితో మాటలాడుట లేదు, పగలెల్ల పడుకొని రాత్రియెల్ల మేలుకొనియుండును. డాక్టరునొద్దకు తీసికొనిపోగా రక్తము పరీక్షించి డి విటమిను తక్కువగా నున్నదని చెప్పిరి. ఒక తల్లి పరుగున వచ్చి నాతో, "అయ్యగారండీ, రక్తంలో అదేదో తక్కువట. మాత్రలు రాశారు. ఇంక భయం లేదు గదండీ?" అని అడిగినది. ఆమె ముఖములో ఎంత నిమ్మళమో! అదే దినమున సంఘపెద్ద ఒకరు, "విటమినూ లేదు, ఏమీ లేదు. ప్రార్థన తగ్గింది, అంతే" అనిరి. ఇద్దరును ఆ బిడ్డ మేలు కోరువారే. అయినను ఇద్దరి మాటలోను ఏలీయా కథలోని ఒక్కొక్క సగము తప్పిపోయినది.

ఈ డి విటమిను ఏమిటో ముందు తెలిసికొందము. పేరునకు విటమినే గాని, ఇది మన చర్మము తానుగా చేసికొనగల పదార్థము. చర్మములోనున్న ఒక విధమైన క్రొవ్వుపదార్థముమీద ఎండలోని అతినీలలోహిత కిరణములు పడినప్పుడు ఇది పుట్టును. పిమ్మట కాలేయమునందు ఒకమారు, మూత్రపిండములయందు ఒకమారు మార్పు చెంది పనికి వచ్చును. మనము తినిన ఆహారములోని కాల్షియమును ఒంటికి పట్టించి ఎముకను గట్టిపరచుట దీని ముఖ్యమైన పని. ఇది బొత్తిగా లోపించినయెడల పిల్లలకు కాళ్లు వంకరలు పోవును. పెద్దలకు ఎముకలు, కండలు నొచ్చును, నీరసము కలుగును, మెట్లెక్కుట భారమగును.

దీనిని మనుష్యులు కనుగొనిన చరిత్ర వినదగినది. 1919లో ఇంగ్లండు దేశమున ఎడ్వర్డ్ మెలన్బీ అను వైద్యుడు కుక్కపిల్లలకు ఆ వంకరకాళ్ల వ్యాధి కలిగించి, కాడ్ అను చేప కాలేయపు నూనెతో దానిని ఆపవచ్చునని చూపెను. అదే సంవత్సరమున బెర్లిను నగరములో హుల్డ్‌షిన్‌స్కీ అను వైద్యుడు, ఏ నూనెయు లేకుండ, పాదరసపు దీపము వెలుగు పడనిచ్చి ఆ వ్యాధిగల పిల్లలను బాగుచేసెను. ఒకరిది సముద్రములోని చేప, ఒకరిది దీపపు వెలుగు. ఈ రెంటికిని పొత్తేమిటి? రెంటిలోను పనిచేసినది ఒకే పదార్థమని తరువాత తేలినది. 1922లో అమెరికాలో మెక్కలమ్ అను శాస్త్రజ్ఞుడు దానికి నాలుగవ అక్షరమైన డి అను పేరు పెట్టెను. మీనునూనె పేరు వినగానే ముఖము చిట్లించు పెద్దలు మన సంఘములో ఇంకను ఉన్నారు. ఆ వాసనలో దాగియున్న మేలు ఇదియే.

ఎండ మనకు కొదువ కాదుగదా, మన దేశములో ఈ లోపమేల యని మీరడుగవచ్చును. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు ఆ ప్రాంతపు పట్టణవాసులను, గ్రామవాసులను పరీక్షించి 2007లో తమ లెక్కలు ప్రచురించిరి. ఒక మిల్లీలీటరు రక్తములో సరాసరిన గ్రామ పురుషులకు సుమారు 24 నానోగ్రాములు, పట్టణ పురుషులకు 18న్నర; గ్రామ స్త్రీలకు 19, పట్టణ స్త్రీలకు 15న్నర యుండెను. 20కి దిగువనున్నయెడల లోపమని అనేక వైద్యులు ఎంచుచున్నారు. ఈ లెక్కను మన యిండ్లకు అన్వయించి చూడుడి. తండ్రి పొలములో నాట్లువేసి, కోత కోసి ఆ 24 వైపున నున్నాడు. ఆ పొలమును తాకట్టుపెట్టి చదివించుచున్న బిడ్డ నాలుగు గోడల మధ్య కూర్చుండి ఆ 15 వైపునకు దిగుచున్నాడు.

ఇక్కడ మనవారిలోనున్న ఒక పొరపాటును సరిచేయవలెను. సూర్యుడు ఉదయించు వేళ లేత యెండలో కూర్చుండిన చాలునని చెప్పుదురు. లేత యెండ కన్నులకు, నిద్రకు మంచిదే. తెల్లవారినదని శరీరమునకు తెలుపునది ఆ వెలుగే. కాని ఏటవాలుగా వచ్చు ఆ యెండలో డి విటమినును పుట్టించు కిరణములు బహు స్వల్పము. తిరుపతి వైద్యులే పరీక్షించి, పగలు 11 గంటలు మొదలు 2 గంటలవరకు ఆ పని బాగుగా జరుగునని 2013లో వ్రాసిరి. గడియారము లేనివారికి ఒక గుర్తు కలదు: మన నీడ మనకంటె పొట్టిగా నున్నప్పుడే ఆ కిరణములు బలముగా నుండును. కిటికీ అద్దము గుండ వచ్చు ఎండ వెచ్చగా నుండును గాని, ఆ కిరణములను అద్దము ఆపివేయును. అందుచేత కిటికీ ప్రక్కన మంచము దొరకినదని సంతోషించిన బిడ్డకును ఈ విషయములో లాభము లేదు. అయితే చైత్ర వైశాఖములలో మధ్యాహ్నపు ఎండలో నిలువుమని నేను చెప్పుట లేదు. వడదెబ్బ ప్రాణము తీయును. చలికాలములో, వానలు వెలసిన దినములలో, ముఖమును చేతులును కొద్ది నిమిషములు ఎండ తగులునట్లు నడచుట వేరు.

ఆడపిల్లల సంగతి ఇంకొక మాట. నల్లబడుదువు, పెండ్లి కాదు అని చెప్పి మనమే వారిని గొడుగు క్రిందికి, చున్నీ మాటునకు తోలుచున్నాము. పరమగీతము మొదటి అధ్యాయములో ద్రాక్షతోటలు కాచి ఎండకు కమిలిన స్త్రీ ఒకతె కలదు. ఆ గ్రంథములో ప్రేమింపబడినది ఆమెయే. వరుని తల్లులు ఆ అధ్యాయము చదువుట మంచిది.

ఇక అసలు ప్రశ్న: ఈ విటమినునకును మనస్సులోని దిగులునకును సంబంధమున్నదా?

ఉన్నదని తోచుటకు కారణములు కలవు. మానవుని మెదడులో అనేక భాగములయందు ఈ విటమినును పట్టుకొను గ్రాహకములున్నవని 2005లో శాస్త్రజ్ఞులు చూపిరి. కావున ఎముకలకు మాత్రమే గాక మెదడునకును దీనితో పని యుండవచ్చును. 2013లో కొందరు వైద్యులు అంతకుముందు జరిగిన పరిశోధనలను జతపరచి, 31,424 మంది లెక్కలు చూచి, కృంగుదలతో బాధపడువారిలో డి విటమిను తక్కువగా నుండుట సామాన్యమని తేల్చిరి.

విద్యార్థులను గూర్చియే జరిగిన పరిశోధన ఒకటి కలదు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయములో 18 మొదలు 25 సంవత్సరముల వయస్సుగల 185 మంది విద్యార్థినులను వారమువెంబడి వారము ప్రశ్నించి, రక్తము పరీక్షించి, ఆ ఫలితములను 2015లో ప్రచురించిరి. అది మబ్బులు, వానలు ఎక్కువగానుండు వాయవ్య ప్రాంతము. ఆ కన్యకలలో అనేకులకు డి విటమిను చాలినంత లేకుండెను. నల్లని, గోధుమవన్నె చర్మముగలవారిలో ఈ లోపము తెల్లవారిలోకంటె చాల హెచ్చుగా నుండెను. నల్లని చర్మము దేవుడిచ్చిన గొడుగువంటిది; ఎండ మండు దేశములో అది కాపాడును, మబ్బుదేశములో అదే గొడుగు కొంచెము వచ్చు వెలుగునుకూడ ఆపును. డి విటమిను తక్కువగానున్న విద్యార్థినులకు తరువాతి వారములలో దిగులు లక్షణములు ఎక్కువగా కనబడెను. న్యూజిలాండు దేశములోని డునెడిన్ పట్టణమున 615 మంది యౌవనస్థులను పరీక్షించి 2014లో ప్రచురించిన లెక్కలోను ఇట్టి పోలికయే కనబడినది.

అమెరికాకు బిడ్డలను పంపిన తలిదండ్రులు ఈ మాట జాగ్రత్తగా వినుడి. 2023–24 విద్యాసంవత్సరములో ఆ దేశమందు చదువుచున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వారిలో మన తెలుగుబిడ్డలు అనేకులు. బోస్టను నగరములో నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు, కెనడాలోని ఎడ్మంటనులో అక్టోబరు మొదలు మార్చి వరకు, ఎండ కాసినను చర్మములో డి విటమిను పుట్టదని 1988లో పరిశోధకులు తేల్చిరి. పైగా చలికాలములో వెలుగు తగ్గినందున కొందరికి ఏటేట దిగులు వచ్చుననియు, ఉదయమున కన్నులకు ప్రకాశమైన దీపకాంతి చూపిన అది తగ్గుననియు 1984లో రోసెంతాల్ అను వైద్యుడును అతని తోడివారును వ్రాసిరి. ఇది కంటిద్వారా వచ్చు మేలు, విటమిను ద్వారా వచ్చునది కాదు. డిసెంబరు నెలలో మీ బిడ్డ ఫోనులో పొడిపొడిగా మాటలాడినయెడల డాలర్లు చూచి గర్వించుచున్నాడని తలంపకుడి. అక్కడ సాయంకాలము నాలుగున్నరకే చీకటి పడుచుండవచ్చును, గదిలో అతడొక్కడే యుండవచ్చును.

ఇంతవరకు చదివి ఆ తల్లి, "నేను చెప్పింది ఇదే గదా, విటమినే గదా కారణం" అనవచ్చును. అమ్మా, కొంచెము ఆగుము. రెండు సంగతులు కలిసి కనబడినంత మాత్రమున ఒకటి రెండవదానికి తల్లి యని చెప్పరాదు. దిగులుపడిన బిడ్డ గదిలోనుండి బయటికి రాడు. బయటికి రానివానికి ఎండ తగులదు. ఎండ తగులనివానికి డి విటమిను తగ్గును. అప్పుడు రక్తపరీక్షలో కనబడు లోపము దిగులునకు వేరు కాక, దిగులు కాచిన కాయయే కావచ్చును. ఒరెగాన్ వారును తమ లెక్క కారణమును నిరూపించినదని చెప్పలేదు.

దీనిని తేల్చుటకు ఒకే మార్గము కలదు. కొందరికి విటమినిచ్చి, కొందరికి అదే రూపముగల ఉత్తమాత్ర యిచ్చి, ఎవరికేది యిచ్చినది తెలియనీయక చూడవలెను. అమెరికాలో 50 సంవత్సరములు దాటినవారు 18,353 మందితో అట్లే చేసిరి. దినమునకు 2,000 యూనిట్లు, ఐదు సంవత్సరములకు పైగా. 2020లో ఫలితము వచ్చెను: కృంగుదల కలుగుటలో రెండు గుంపులకును భేదము లేదు. వారు విద్యార్థులు కారు, వారిలో అనేకులకు మొదటనే లోపము లేదు అనుట న్యాయమే. 2022లో మరికొందరు ఇట్టి పరిశోధనలు 41 జతపరచి చూచి, ముందే దిగులు లక్షణములున్నవారికి కొంచెము ఉపశమనము కలుగవచ్చునని వ్రాసిరి గాని, ఆ సాక్ష్యము బలహీనమని వారే ఒప్పుకొనిరి. కావున ఇంతమాత్రము చెప్పవచ్చును: లోపమున్నయెడల దానిని తీర్చుట ఎముకలకు, కండలకు నిశ్చయముగా మంచిది, మనస్సునకు కొంత తోడుపడవచ్చును, కృంగుదల వ్యాధికి అది ఒక్కటే మందు కాదు.

మాత్రలను గూర్చి ఒక హెచ్చరిక చేసి ముందుకు పోయెదను. మన ప్రాంతమున వైద్యులు సామాన్యముగా వ్రాయునది 60,000 యూనిట్ల మాత్ర, వారమునకు ఒకటి, కొన్ని వారములు మాత్రమే. అమెరికా వైద్యసంస్థవారు పెద్దలకు దినమునకు కావలెనని 2010లో చెప్పినది 600 యూనిట్లు. భేదము చూడుడి. వారమునకొకటి యనుదానిని దినమునకొకటిగా మ్రింగినయెడల, లేక చీటీ లేకుండ షాపులో కొని నెలలతరబడి వాడినయెడల, రక్తములో కాల్షియము పెరిగి వాంతులు, తీరని దాహము, మతిభ్రమణము కలుగును, మూత్రపిండములు చెడును. బలమునకే గదా యని ఇంటిల్లిపాది పంచుకొను పదార్థము కాదిది. అట్లే ఆరోగ్యముగా తిరుగుచున్న ప్రతివాడును వేలు ఖర్చుపెట్టి ఈ పరీక్ష చేయించుకొననక్కరలేదని 2024లో అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ వైద్యులు సలహా యిచ్చిరి. ఒళ్లు నొచ్చుచున్నవాడు, నీరసించినవాడు డాక్టరు చెప్పినప్పుడు చేయించుకొనవలెను. ఆడపిల్ల నీరసముగా నున్నయెడల రక్తహీనతను కూడ చూపించుడి. 2019–21 నాటి జాతీయ సర్వేలో 15 మొదలు 49 సంవత్సరముల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మందికి ఆ లోపమే యుండెను.

ఇప్పుడు ఆ తల్లి కుమారుని సంగతి. ఆమె అనుమతితోనే వ్రాయుచున్నాను. గుర్తు తెలియకుండునట్లు కొన్ని వివరములు మార్చితిని. పట్టణములో ఇంజనీరింగు రెండవ సంవత్సరము. హాస్టలులో నలుగురుండు గది, కిటికీ తెరచిన ఎదుటి మేడ గోడ. విటమిను 9 యుండెను. కాళ్లు నొచ్చుట నిజమే, మెట్లెక్కలేకపోవుట నిజమే. డాక్టరు వ్రాసిన మాత్రలు ఆరు వారములు వాడగా కాళ్లనొప్పి తగ్గెను. ఇంట అందరు సంతోషించిరి. బిడ్డ మాత్రము గోడవైపు తిరిగియే పడుకొనుచుండెను.

నేను పోయి అతని మంచముప్రక్కన వాక్యము చదివి ప్రార్థించి వచ్చుటతో సరిపెట్టలేదు. రేపు పదకొండు గంటలకు కాలువగట్టుమీద నాతో నడువుమని అడిగితిని. మొదటిదినము మేము కొంగలను గూర్చియు, గుర్రపుడెక్కను గూర్చియు మాటలాడితిమి. రెండవదినము ఏమియు మాటలాడలేదు. యోబు స్నేహితులను గూర్చి మనము చెడ్డగానే చెప్పుకొందుము గాని, ఏడు దినములు నోరు తెరవక అతనితో నేలమీద కూర్చుండినంతవరకు వారు చేసినది మంచి పని. మూడవదినమో నాలుగవదినమో లాకులయొద్ద నిలుచుండి అతడు చెప్పెను. మూడు పేపర్లు తప్పియున్నాడు. ఇంట చెప్పలేదు. తండ్రి కౌలురైతు, ఫీజు కొరకు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు అతనికి ప్రతి రాత్రి కన్నులయెదుట కనబడుచున్నది. తాను లేకపోయిన తండ్రికి భారము తగ్గునని లెక్కవేసికొనుచున్నాడు. ఈ కడపటి మాట అతడు కాలువ నీళ్లవైపు చూచుచు చెప్పెను.

ప్రియులారా, ఈ మాటను ఏ రక్తపరీక్ష చూపగలదు? లోపము తీరినది గదా యని ఆ యింటివారు ఊరకున్నయెడల ఏమి జరిగియుండెడిదో వ్రాయుటకు నా చేయి ఆడుట లేదు. 2022లో మన దేశమున ప్రాణము తీసికొనిన విద్యార్థులు 13,044 మంది యని ప్రభుత్వపు నేరలెక్కల పుస్తకము చెప్పుచున్నది. వారిలో ఒక్కొక్కనికి ఒక తల్లి కలదు.

ఆ సాయంకాలమే తండ్రిని పిలిచి, మేము ముగ్గురము అరుగుమీద కూర్చుంటిమి. తండ్రి చాలసేపు తువాలుతో ముఖము కప్పుకొని, తరువాత అన్న మాట ఇది: "నాయనా, అప్పు నేను చేశాను. నువ్వు చెయ్యలేదు." అంతకంటె గొప్ప ప్రసంగము నేను చేయలేదు. మరునాడు జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యునియొద్దకు తీసికొనిపోతిమి. మందు వ్రాసిరి, నెలకొకమారు రమ్మనిరి. పిచ్చివారు పోవు చోటికి మన బిడ్డను తీసికొనిపోవుటా యని బంధువులు గొణిగిరి. లూకా వైద్యుడని కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో చదివి ఆమేన్ అనెడివారే వారు. పిల్లవాడు ఒక్కమారుగా లేచి గంతులు వేయలేదు. మంచి దినములున్నవి, చెడ్డ దినములున్నవి. తప్పిన పేపర్లలో రెండు వ్రాసెను. విటమిను మాత్ర మానలేదు, మనస్సుకు వ్రాసిన మందు మానలేదు, నడక మానలేదు. దేనివలన ఎంత మేలు కలిగెనో విడదీసి చెప్పుమని నన్నడిగినయెడల, అప్పమువలన ఎంత, నిద్రవలన ఎంత, దూత చేయి తగిలినందున ఎంత యని ఏలీయాను అడుగుడి అందును.

యాయీరు కుమార్తెను ప్రభువు లేపిన పిమ్మట చేసిన మొదటి ఆజ్ఞ ఏది? ఆమెకు తినుటకు పెట్టుమని. చనిపోయిన బిడ్డను లేపిన ప్రభువునకు ఆకలి చిన్న సంగతిగా కనబడలేదు. కావున, విశ్వాసమున్నవానికి విటమిను లోపమేమిటి యని పెద్దలు ఇకమీదట అనకుందురు గాక. గ్రుడ్డు, చేప పెట్టుడి. గ్రుడ్డులో ఈ విటమిను ఉండునది పచ్చసొనయందు. చాలమంది బిడ్డలు పారవేయునది దానినే. 2018 నాటి నిబంధనల ప్రకారము ఏ, డి విటమినులు చేర్చిన పాలకును, వంటనూనెలకును కూడిక గుర్తుతో ఎఫ్ అక్షరమును పొట్లముమీద వేయుదురు, కొనునప్పుడు చూచుకొనుడి. ఆటస్థలము లేని హాస్టలులో చేర్చుటకు ముందు, ఫీజు అడిగినట్లే, బిడ్డ ఏ వేళ బయటికి రావచ్చునో కూడ అడుగుడి. ఒక కాలేజీవారిని నేను అట్లడుగగా, ఎండలో తిరిగిన ర్యాంకు వచ్చునా యని నవ్విరి. వచ్చిన ర్యాంకును ఎత్తుకొనుటకు కాళ్లుండవలెను గదా.

బిడ్డ నోట చావు మాట వచ్చినయెడల విటమిను ఫలితము కొరకు కాచియుండకుడి. బెదరింపు అని కొట్టివేయకుడి. ఒంటరిగా విడువకుడి, ఏలీయా దాసుని బెయేర్షెబాలో విడిచిన తరువాతనే ఆ ప్రార్థన చేసెనని మరువకుడి. ప్రభుత్వమువారు 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ అను సహాయము కలదు. 14416 నంబరునకు రాత్రియైనను పగలైనను ఫోను చేయవచ్చును. రుసుము లేదు, తెలుగులో మాటలాడుదురు. ఈ నంబరును గుడి తలుపుమీద సుద్దముక్కతో వ్రాయించితిని. వాన వచ్చి చెరిగినప్పుడు, ఎవరు ముందు చూచిన వారే మరల వ్రాయుడి.

క్రిస్మసు సెలవులలో ఇంటికి వచ్చు విద్యార్థులకొరకు గుడి ఆవరణములో వాలీబాలు వల కట్టింపబడును. ఆట వేళ ఉదయము 11 గంటలు. ఆడపిల్లలకు వేరుగా దక్షిణపువైపు స్థలము విడిచితిమి. ఆట పిమ్మట స్త్రీల సమాజమువారు అన్నము, గ్రుడ్లకూర పెట్టుదురు. ఆ దినములలో ప్రసంగముండదు. నాతో నడువగోరువారు కాలువగట్టువైపునకు రావచ్చును. మాటలాడవలెనను నియమము లేదు.